చల్లకు వచ్చి ముంత దాచవద్దు

(పాల సంఘాల సభ్యులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



దాణా గురించి, పచ్చిమేత గురించి, లెక్కల పుస్తకాల గురించి ఈ తరగతుల్లో మీకు చాలా చెబుతారు. నేను చెప్పబోయేది చిన్న విషయంగా కనిపిస్తుంది. ఒకరిని ఒకటి అడగవలసి వస్తే సూటిగా అడగాలా, చుట్టు తిప్పి అడగాలా? నా సర్వీసులో సంఘాలలో చూసిన తగవుల్లో చాలావాటికి మూలం ఇక్కడే కనిపించింది.

సూటిగా అడగడం మనవాళ్ళకు మొరటుగా తోస్తుంది. చేబదులుకు వెళ్ళినవాడు ముందు వానల సంగతి, ఆ తర్వాత పిల్లల చదువు సంగతి మాట్లాడి, లేచి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర అసలు మాట ఎత్తుతాడు. దీన్ని తప్పు పట్టనక్కరలేదు. ఎదుటివారికి కాదనే వీలు ఇవ్వడం, ఇద్దరి పరువూ నిలపడం అందులోని మర్యాద. అయితే చల్లకొచ్చి ముంత దాచినట్టు అన్న సామెత కూడా మన పెద్దలదే.

మొదట వెన్న పరీక్ష సంగతి చూద్దాం. చీటీలో వెన్న శాతం తగ్గింది. సభ్యుడు పరీక్షకుడితో "మా గేదెకు మేత మారింది, పాలు పలచబడ్డాయో ఏమో" అంటాడు. "అయితే మేత చూసుకోండి" అంటాడు పరీక్షకుడు. ఆయన కోరింది మళ్ళీ పరీక్ష, ఈయన విన్నది మేత కబురు. సభ్యుడు ఇంటికి వెళ్ళి సంఘంలో మోసం జరుగుతోందంటాడు. వారం తిరిగేసరికి ఆ పాలు వ్యాపారి క్యానులో పడతాయి.

నిజం మాత్రం ఎవరికీ తెలియదు. పాలు బాగా కలపకుండా నమూనా తీస్తే మీగడ పైకి తేలి అంకె తప్పవచ్చు. గెర్బరు పద్ధతిలో 10 మి.లీ. గంధకామ్లం, 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. అమైల్ ఆల్కహాలు వాడతారు. వీటిలో ఏ కొలత తప్పినా ఫలితం మారుతుంది. ఇప్పుడు చాలాచోట్ల వాడుతున్న ఎలక్ట్రానిక్ యంత్రాలనూ శుభ్రంగా ఉంచి, సరిచూస్తూ ఉండాలి. లేదా ఇంట్లోనే చివరి ధారలు దూడకు వదిలి ఉండవచ్చు. వెన్న ఎక్కువగా ఉండేది ఆ చివరి ధారల్లోనే.

కాబట్టి ఇలా అడగండి: "బాబూ, నిన్న ఇంత వచ్చింది, ఇవాళ ఇంతే వచ్చింది. నమూనా పారబోయకముందే నా ఎదుట మరోసారి పరీక్ష చెయ్యి." ఇందులో నింద లేదు. నమూనా పోయి, పాలు క్యానులో కలిశాక బ్రహ్మదేవుడు కూడా తేల్చలేడు.

ఇక ఎద సంగతి. "డాక్టరుగారూ, తీరిక దొరికితే ఒకసారి మా ఇంటివైపు రండి" అంటే ఆయన మూడో రోజున వస్తారు. తప్పు ఆయనది కాదు. ఉదయం ఎద గుర్తిస్తే ఆ సాయంత్రం, సాయంత్రం గుర్తిస్తే మర్నాడు ఉదయం సూది వేయించాలి. ఆ అదను పోతే సుమారు 21 రోజులు ఆగాలి. అన్నాళ్ళ మేత, దాణా ఖర్చు మన నెత్తిన పడుతుంది. గేదెల్లో మూగ ఎద ఎక్కువ, అది అరిచి చెప్పదు. దాని తరఫున మనమైనా నోరు విప్పవద్దా? "ఈ ఉదయం 6 గంటలకు తీగ వేయడం చూశాను. సాయంత్రం రాగలరా? వీలుకాకపోతే ఇప్పుడే చెప్పండి, గేదెను నేనే తోలుకొస్తాను" అనండి. "రాగలరా" అన్నచోట మర్యాద ఉంది. గంట చెప్పినచోట పని ఉంది. రెండూ కలిసి ఉండవచ్చు.

సూటిదనం పనికిరాని చోటు కూడా ఉంది. పాలు పోసే వరుసలో ఇరవైమంది ఎదుట "ఏమయ్యా, గేదె అప్పు ఎప్పుడు కడతావు?" అని కార్యదర్శి అడిగితే వాయిదా రాదు సరికదా, మనిషే కేంద్రానికి రావడం మానుకుంటాడు. ఇంటికి వెళ్ళి, కుశలం అడిగి, "ఈ బిల్లులో ఎంత పట్టుకోమంటావు?" అనండి. అడిగింది అప్పే, కాని ఎంతన్నది అతని నోటితోనే చెప్పించారు.

కార్యదర్శులకు మరో మాట. చుట్టు తిప్పి మాట్లాడేది తరచుగా బలహీనులే. చాలా ఇళ్ళలో పశువును సాకేది, పాలు పోసేది ఆడవారు, సభ్యత్వం మాత్రం మగవారి పేర ఉంటుంది. ఆమె సందేహం "మావారు కనుక్కోమన్నారండీ" అని మొదలవుతుంది. ఆ మాటను గాలికి వదలకండి. "మళ్ళీ పరీక్ష చేయమంటారా అమ్మా?" అని మీరే విప్పి అడగండి. అధికారం చేతిలో ఉన్నవారు సూచనను అందుకోవాలి.

హక్కును దానంలా అడగవద్దు, సాయాన్ని హక్కులా అడగవద్దు. సరైన తూకం, పరీక్ష, సకాలంలో బిల్లు మీ హక్కులు. అర లీటరు పోసే సభ్యుడికీ పది లీటర్లు పోసే సభ్యుడికీ సంఘంలో ఓటు ఒక్కటే. పొరుగువారి గడ్డిమోపు, వాయిదాకు గడువు సాయాలు. అక్కడ మెత్తని మాట, వేచి ఉండే ఓపిక కావాలి. ఏది అడిగినా ఏం కావాలో, ఎప్పటికి కావాలో మాత్రం దాచవద్దు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మీ పాల కేంద్రం గోడమీద ఒక మాట రాయించండి: "అనుమానం ఉంటే నమూనా ఉండగానే అడగండి." అడిగినవారిపై విసుక్కోకుండా సమాధానం చెప్పడానికి కార్యదర్శులు సిద్ధంగా ఉండాలి.

సెలవు. జై సహకార్.