వృత్తమునందు త్రికోణమితి

(ముత్తుకూరు గ్రంథాలయ రజతోత్సవ సభలోని ఉపన్యాస పాఠము)



గ్రామ గ్రంథాలయమునకు వచ్చు పాఠకులలో కథలు కోరువారు కలరు, పురాణములు కోరువారు కలరు, వార్తాపత్రిక కొరకు మాత్రమే వచ్చువారును కలరు. గణితగ్రంథమును అడిగి తీసికొనిపోవువారు అరుదు. పరీక్షల దినములలో మాత్రము పదవ తరగతి బాలబాలికలు ఒక మూల కూర్చుండి, సైన్ 30 ఎంత, కాస్ 60 ఎంత, అని పట్టికను వల్లె వేయుచుందురు. పరీక్ష ముగిసిన పక్షము దినములకే ఆ పట్టిక మరపున పడును. ఆపై ఇంటర్మీడియేటులో 90 డిగ్రీలు దాటిన కోణములు ఎదురగును. ఏ విలువకు ఋణచిహ్నము వేయవలెనో తెలియక, గణితము తమకు అబ్బదని తీర్మానించుకొని, వేరు దారి పట్టువారు కొందరుందురు. నిజమునకు వారికి తప్పిపోయినది కంఠస్థము మాత్రమే. మరచిన విలువను తిరిగి సంపాదించుకొను ఉపాయము తెలిసియున్నచో ఆ భయమునకు తావుండదు. ఆ ఉపాయము ఒక వృత్తము.

ఆరుబయట చదునైన నేలపై ఒక మేకు పాతి, దానికి ఒక మీటరు త్రాడు కట్టి, త్రాటి కొసతో వృత్తము గీయుడు. మేకు మీదుగా తూర్పు పడమరలుగా ఒక గీతయు, ఉత్తర దక్షిణములుగా ఒక గీతయు గీయుడు. వ్యాసార్ధము 1 గనుక దీనిని ఏకాంక వృత్తమందురు. త్రాటి కొసను తూర్పు బిందువునొద్ద నుంచి, అచ్చటి నుండి ఉత్తరపు వైపునకు, అనగా గడియారపు ముళ్ళకు ఎదురుగా, త్రిప్పవలెను. ఎంత కోణము త్రిప్పినను, కొస మేకునకు తూర్పుగా ఎంత దూరమున్నదో అది ఆ కోణపు కొసైన్. ఉత్తరముగా ఎంత దూరమున్నదో అది సైన్. పడమరకు పోయిన దూరమునకును, దక్షిణమునకు పోయిన దూరమునకును ఋణచిహ్నము. గుర్తుంచుకొనవలసిన నియమమింతియే.

ఇక విలువలు. తూర్పు గీతకు ఉత్తరముగా 30 డిగ్రీల యొద్ద ఒక బిందువును, దక్షిణముగా 30 డిగ్రీల యొద్ద మరొక బిందువును గుర్తించినచో, మేకునొద్ద 60 డిగ్రీల కోణమేర్పడును. రెండు భుజములును త్రాటి పొడవే గనుక ఆ త్రిభుజము సమబాహు త్రిభుజము. కావున బిందువుల నడిమి దూరము కూడ ఒక మీటరే. తూర్పు గీత దానిని సరిగా సగము చేయుచున్నది. కాబట్టి పై బిందువు అర మీటరు ఉత్తరమున నున్నది: సైన్ 30 విలువ 1/2. తూర్పు దూరపు వర్గమును ఉత్తర దూరపు వర్గమును కలిపిన 1 రావలెను. కనుక తూర్పు దూరపు వర్గము 3/4. దాని వర్గమూలము ఇంచుమించు 0.866, అదియే కాస్ 30.

45 డిగ్రీల యొద్ద తూర్పు దూరమును ఉత్తర దూరమును సమానములు. రెండు వర్గములు కలిసి 1 కావలెను గనుక ఒక్కొక్క వర్గము 1/2, ఒక్కొక్క దూరము సుమారు 0.707. 60 డిగ్రీలకు 30 డిగ్రీల లెక్కయే తారుమారగును. 90 డిగ్రీల యొద్ద కొస నేరుగా ఉత్తరమున నుండును: సైన్ 1, కొసైన్ సున్న. బాలుర పట్టిక యంతయు ఇందు వచ్చినది.

టాంజెంటు కొరకు తూర్పు బిందువునొద్ద వృత్తమును తాకుచు ఉత్తర దక్షిణములుగా ఒక గీత గీసి, త్రాటిని అదే దిశలో ఆ గీత వరకు సాగదీయవలెను. తూర్పు బిందువు నుండి అది తాకిన చోటి వరకు గల పొడవే టాంజెంటు. 45 డిగ్రీలకు అది సరిగా 1. కోణము పెరిగిన కొలది ఆ పొడవు హద్దు లేక పెరుగును. 90 డిగ్రీల యొద్ద త్రాడు ఉత్తరమునకే పోవును గనుక ఆ గీతను ఎన్నటికిని తాకదు. టాన్ 90 నిర్వచింపబడదని పుస్తకములో వ్రాయు వాక్యమునకు అర్థమిదియే.

లంబకోణ త్రిభుజము 90 డిగ్రీల కడ ఆగిపోవును; వృత్తము ఆగదు. 150 డిగ్రీల బిందువు 30 డిగ్రీల బిందువునకు అద్దములోని ప్రతిబింబము వంటిది. ఉత్తర దూరము అదే అర మీటరు, 0.866 దూరము మాత్రము పడమరకు మారినది. కావున సైన్ 150 విలువ 1/2, కాస్ 150 విలువ ఋణ 0.866. 210 డిగ్రీల యొద్ద రెండును ఋణములు. 330 యొద్ద సైన్ మాత్రమే ఋణము. మొదటి పాదవృత్తములోని మూడు బిందువులు తెలిసిన చాలును, తక్కిన మూడు పాదములును వాటి ప్రతిబింబములే.

ఈ విద్య ఈ దేశమునకు పరాయిది కాదు. 499లో ఆర్యభటుడు రచించిన ఆర్యభటీయమునందు 24 అర్ధజ్యల పట్టిక యున్నది. ఆయన వ్యాసార్ధమును 3438 కళలుగా గ్రహించెను. వృత్తపరిధిలోని 21,600 కళలనుబట్టి వచ్చిన సంఖ్య యది. ఆ లెక్కలో 30 డిగ్రీల జ్య 1719. దానిని 3438 చేత భాగించిన సగమే వచ్చును. జ్యకు పర్యాయమైన జీవ అను మాట అరబ్బులకు చేరి, లిపిభ్రమచే ఒడి యను అర్థమిచ్చు పదముగా మారి, లాటినులో సైనస్ అయ్యెను. నేటి బాలుడు సైన్ అనుచున్నది ఆ జీవనే. తెలుగున సైతము 11వ శతాబ్దముననే పావులూరి మల్లన, మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పద్యములలోనికి తెచ్చెను. గణితము తెలుగులో ఒదుగదనుట సత్యము కాదు.

ఇక ముత్తుకూరు మాట. ఈ గ్రామము భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు పద్నాలుగుంబాతిక డిగ్రీల అక్షాంశమున నున్నది. రేయింబవళ్ళు సమానమగు మార్చి, సెప్టెంబరు దినములలో మధ్యాహ్న సూర్యుడు నడినెత్తి నుండి దక్షిణమునకు సరిగా అంతియే వంగియుండును. ఆనాడు 12 అంగుళముల శంకువు నిలిపిన, దాని నీడ ఆ కోణపు టాంజెంటునకు 12 రెట్లుండును. ఆ టాంజెంటు 0.254, నీడ 3 అంగుళములకు రవంత ఎక్కువ. జ్యోతిష గ్రంథములు పలభ యని పేర్కొను కొలత ఇదియే.

సూర్యుడు నడినెత్తిన నిలిచి నీడ మాయమగు దినములను సైతము వృత్తమే చెప్పగలదు. విషువము నుండి సూర్యుడు నడచిన కోణపు సైనును, 23 డిగ్రీల 26 నిమిషముల సైనుచే, అనగా 0.398చే, గుణించిన, ఆయన ఉత్తరమునకు జరిగిన కోణపు సైన్ వచ్చును. ఈ గ్రామమునకు కావలసిన సైన్ 0.246. భాగించిన 0.62 వచ్చును. వృత్తముపై 0.62 మీటరు ఉత్తరముగా నున్న బిందువులు రెండు: 38 డిగ్రీలు, 142 డిగ్రీలు. సూర్యుడు దినమునకు ఇంచుమించు ఒక డిగ్రీ నడచును. మొదటి బిందువు ఏప్రిల్ 28 ప్రాంతమున, రెండవది ఆగస్టు 14, 15 ప్రాంతమున పడును. బాలుడు పరీక్షలో తికమకపడు ఆ రెండవ కోణమే, నీడలేని మధ్యాహ్నము ఈ తీరమునకు ఏటేట రెండు పర్యాయములు వచ్చుటకు కారణము.

గ్రంథాలయ ఆవరణమున నిట్టి వృత్తమొకటి, 12 అంగుళముల శంకువొకటి ఏర్పరచుటకు వ్యయము స్వల్పము. శంకువు నిటారుగా నున్నదో లేదో తూకపుగుండుతో చూడవలెను. గడియారపు పండ్రెండు గంటలను నమ్మక, నీడ అత్యల్పమగు వేళను మధ్యాహ్నముగా గ్రహింపవలెను. మార్చి విషువమున అది పండ్రెండుంబాతిక దాటి వచ్చును. బాలబాలికలు ఏడాది పొడవున నీడను కొలిచి ఒక పుస్తకమున వ్రాసియుంచిన, ఆ పుస్తకము ఈ బీరువాలలో ఏ ముద్రిత గ్రంథమునకును తీసిపోదు. పట్టిక మరచిన విద్యార్థి ఆ వృత్తమునొద్దకు వచ్చి, త్రాడు పట్టుకొని, తన విలువను తానే కొలుచుకొనగలడు. గ్రంథాలయము చేయగల విద్యాదానములలో ఇదియు నొకటి.