బురదలో కరెంటు తీగలు



సర్వీసంతా కరెంటు తీగలతో గడిపినవాణ్ణి కనుక నాకీ సంగతి మహా ముచ్చట. తిన్న తిండిలోని ఎలక్ట్రాన్లను మన కణాలు చివరికి ఆక్సిజన్‌కు అప్పగిస్తాయి. ఆ దారిలోనే శక్తి వస్తుంది. గాలాడని బురదలో జియోబాక్టర్ అనే బాక్టీరియాకు దొరికేది ఇనుప తుప్పు. అది కణంలోకి దూరదు. అందుకని ఎలక్ట్రాన్లనే సన్నని ప్రోటీన్ తీగల మీదుగా బయటికి పంపి బతుకుతుంది, పెరుగుతుంది. ఆ తీగలో హీమ్ అణువులు బారులు తీరి ఉన్నాయని 2019లో తేలింది. మన రక్తానికి ఎరుపునిచ్చే జాతివే!

అయితే ఎలక్ట్రాన్లు అందిన తుప్పు నీళ్లలో కరుగుతుంది, అంటుకొన్న ఆర్సెనిక్‌నూ వదిలేస్తుంది. పశ్చిమ బెంగాల్ మట్టితో చేసిన పరీక్షలు 2004లో ఇది చూపాయి. గొట్టపు బావి నీళ్లు కాచినా ఆర్సెనిక్ పోదు. అటువైపు పిల్లలున్నవారు నీటి పరీక్ష చేయించమని చెప్పండి.