ప్రయాణములో పని

పూర్వము ఉద్యోగి ఊరు విడువవలెనన్నచో సెలవు కోరెడివాడు. కచేరీ ఊరిలో నిలిచిపోయెడిది. మనిషి మాత్రము ప్రయాణమై పోయెడివాడు. 2020 తరువాత ఈ వాడుక చాలమందికి మారినది. కచేరీ యొక చిన్న యంత్రమై సంచిలో నిమిడినది. తల్లిదండ్రులను చూడబోవువాడును, పెండ్లికి పోవువాడును సెలవు పెట్టక, దారిలోనే పనిచేసెదనని మాట యిచ్చి బయలుదేరుచున్నాడు. ఆ మాట దేనిపై నిలుచునో కొంచెము విచారింతము.

ప్రయాణికునకు ఇంటర్నెట్టు గూడ రేడియోవలెనే ఆకాశమార్గమున అందును. కాని రెండింటికిని ముఖ్యభేదములు రెండు కలవు. మొదటిది తరంగముల పొడవు. మధ్యమ తరంగ ప్రసారములలో అది కొన్ని వందల మీటర్లుండును. అట్టి తరంగము కొండను చుట్టుకొని ఆవలి పల్లెను గూడ చేరగలదు. సెల్‌ఫోనులు వాడు 900 మెగాహెర్ట్‌జుల తరంగము పొడవు సుమారు 33 సెంటీమీటర్లు మాత్రమే. కొండ అడ్డమైనచో దాని చాటున ఫోను మూగవోవును. రెండవది, రేడియో వినిపించునే గాని బదులు పలుకదు. ఫోను బదులు గూడ పలుకవలెను. 4జీ ఫోనునకు సాధారణముగా అందుకు గల శక్తి వాటులో అయిదవ వంతు. టవరు దూరమైన కొలది అది గొంతెత్తి పలుకవలసివచ్చును. బ్యాటరీ త్వరగా తరిగిపోవును.

విశాఖపట్టణమునుండి అరకునకు పోవు రైలుమార్గము దీనికి చక్కని ఉదాహరణము. బైలడిల్లా ఇనుప ఖనిజమును రేవునకు దించుటకై 1960వ దశకమున నిర్మింపబడిన మార్గమది. శృంగవరపుకోట దాటువఱకు మైదానము. శివలింగపురము దాటిన పిదప బండి అనంతగిరి కొండల నెక్కును. సొరంగము వెంబడి సొరంగము వచ్చును.

మా అన్నగారి కుమారుడు ఒకనాడు ఈ బండిలో పోవుచు, తొమ్మిది గంటల సమావేశమునకు హాజరగుదునని మాట యిచ్చెను. లెక్కలన్నియు అతని యంత్రములోనే యుండెను. హైదరాబాదులో ఆర్గురు అతనికై కాచుకొనిరి. సొరంగమునకును సొరంగమునకును నడుమ అతని మాటలు తునకలుగా వినబడెను. తుదకు అతని సహోద్యోగిని ఒకామె, తానెఱుగని లెక్కలకు తానే సమాధానము చెప్పవలసివచ్చి, పైవారి యెదుట తలవంచుకొనెను. ఆ సంగతి సాయంకాలము తెలిసినప్పుడు మా వానికి అరకు అందము రుచింపలేదు.

ఇట్టి యిక్కట్టునకు ఉపాయములు లేకపోలేదు. ఫోనులో వేర్వేరు సంస్థల సిమ్ములు రెండుంచుకొనుట మేలు. ఒకరి టవరు లేనిచోట మఱొకరిది ఉండవచ్చును. కావలసిన కాగితములను ముందురాత్రియే యంత్రములోనికి దించుకొనవలెను. ఫోనునుండి యంత్రమునకు ఇంటర్నెట్టు పంచినప్పుడు బ్యాటరీ మఱింత వేగముగా తరుగును గనుక పవర్‌బ్యాంకు వెంట నుండవలెను. వీడియో మాని స్వరముతోనే మాటలాడినచో సెకనుకు నూఱు కిలోబిట్లు చాలును. వీడియోకు దానికి ఎన్నో రెట్లు వలయును. 2016లో ముంబయి సెంట్రలుతో మొదలైన రైల్వే వైఫై నేడు వేలాది స్టేషన్లలో కలదు. కాని బండి కదలినంతనే అది వెనుకబడును. అట్టి బహిరంగ వైఫైలో కచేరీ కాగితములు పంపునప్పుడు కచేరీవారు ఏర్పఱచిన వీపీఎన్ మార్గముననే పంపవలెను.

ఇవన్నియు చేసినను సొరంగములో సిగ్నలు నిలుచునన్న నమ్మకము లేదు. కావున అన్నింటికంటె ముఖ్యమైనది వేఱొకటి కలదు. రోజునకు మూడు ప్రసారములున్న కాలమున, నడిమి విరామములలో రేడియో మౌనముగా నుండెడిది. అందుకు శ్రోత కోపగింపడయ్యెను. మరల ఎప్పుడు పలుకునో కార్యక్రమ పత్రికలో ముందే చదివియుండెడివాడు. ప్రయాణికుడును తన వేళలను అట్లే ముందుగా ప్రకటింపవలెను: ఎనిమిదిన్నర మొదలు పదకొండువఱకు అందుబాటులో నుండను, లెక్కలివిగో పంపుచున్నాను, పిమ్మట అరకునుండి మాటలాడెదను అని. ఎదురుచూచువారు అప్పుడు తమ పని తాము దిద్దుకొందురు.

మరుసటి ప్రయాణమున మా వాడట్లే చేసెను. లెక్కలను ముందురాత్రియే ఆ సహోద్యోగినికి పంపి, ఫోనులో వివరించెను. సమావేశమును ఆమెయే నడిపెను. ఆ వేళకు అతడు కిటికీ ప్రక్కన కూర్చుండి, ఎదుటి బల్లపై నున్న పిల్లవానితో కలసి సొరంగములు లెక్కించుచుండెనట.