ఆలయ నిర్మాణపు అంచనాలో కర్బన గణన

(జీర్ణోద్ధారణ, కుంభాభిషేక మహోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఏ శుభకార్యానికైనా ముందుగా సంకల్పం చెప్పుకుంటాము. దేశకాలాలను, గోత్రనామాలను, చేయబోయే కర్మను స్పష్టంగా ఉచ్చరించిన తరువాతనే కర్మ ఆరంభమవుతుంది. నిర్మాణానికి అంచనా పత్రమే సంకల్పం. రాయి ఎంత, సిమెంటు ఎన్ని బస్తాలు, కూలి ఎంత, వెరసి ఎన్ని లక్షలు అని అందులో వ్రాసుకుంటాము. ఆ పత్రంలో రూపాయల గడి ప్రక్కన మరొక గడి ఉండాలి. మన కట్టడం వలన ఆకాశంలోకి చేరబోయే బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డై ఆక్సైడు, ఎన్ని టన్నులో అందులో వ్రాయాలి. ఇదే నేటి నా మనవి.

ఈ వాయువు ఎక్కడ నుండి వస్తున్నదో ముందుగా గ్రహించాలి. 100 కిలోల శుద్ధమైన సున్నపురాయిని బట్టీలో కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది. తక్కిన 44 కిలోలు బొగ్గుపులుసు వాయువై పోతుంది. ఇది ఇంధనపు పొగ కాదు, రాతిలోనే ఇమిడి ఉన్నది. సిమెంటు తయారీకీ సున్నపురాయే మూలం. దానికి సుమారు 1450 డిగ్రీల వేడి కావాలి కనుక ఇంధనపు పొగ అదనం. ఈ రెండూ కలిసి ఒక టన్ను సాధారణ సిమెంటుకు దాదాపు 0.9 టన్ను వాయువు వెలువడుతుంది. ప్రపంచంలో మానవులు వెలువరించే ఈ వాయువులో 7 నుండి 8 శాతం సిమెంటు పరిశ్రమదే. మన దేశంలో ఒక టన్ను ఉక్కుకు సగటున సుమారు 2.5 టన్నులు వెలువడుతున్నది.

ఇక ఒక ముఖమండపాన్ని ఉదాహరణగా తీసుకుందాము. దానికి 50 ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుందని, ఘనపు మీటరుకు 320 కిలోల సిమెంటు కావాలని అనుకుందాము. మొత్తం 16 టన్నులు, అనగా 320 బస్తాలు. సిమెంటు వలన 14.4 టన్నుల వాయువు. 5 టన్నుల ఇనుప కడ్డీల వలన 12.5 టన్నులు. వెరసి 27 టన్నులు. ఇది సుమారు 10,000 లీటర్ల డీజిలును కాల్చినదానికి సమానం. అంచనాలోని పరిమాణాలను ఈ గుణకాలతో హెచ్చవేయడమే కర్బన గణన. ఇంజనీరుకు ఇది ఒక పూట పని.

ఈ లెక్క వేసుకుంటే మార్గం కూడా కనిపిస్తుంది. విద్యుత్ కేంద్రాలలో బొగ్గు కాలగా మిగిలే బూడిదను కలిపిన సిమెంటు బజారులో సులభంగా దొరుకుతుంది. మన రామగుండం, ఇబ్రహీంపట్నం కేంద్రాలలో వచ్చేది ఇటువంటి బూడిదే. భారత ప్రమాణం ప్రకారం ఈ సిమెంటులో 15 నుండి 35 శాతం వరకు బూడిద ఉండవచ్చును. 30 శాతం బూడిద ఉన్న సిమెంటును వాడితే పై మండపంలోనే దాదాపు 4 టన్నుల వాయువు తగ్గుతుంది.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక. బూడిద కలిసిన సిమెంటు తొలిదినాలలో నెమ్మదిగా బలం పుంజుకుంటుంది. దీనిని కనీసం 10 రోజులు తడుపవలసి ఉన్నది. సెంట్రింగు తీయడంలో తొందర కూడదు. ఆలయాలలో జరిగేదేమి? ప్రతిష్ఠకు ముహూర్తం ముందే నిశ్చయమవుతుంది, పని వెనుకబడుతుంది, చివరి నెలలో త్వరగా గట్టిపడే సరుకు కోసం వెదుకులాట మొదలవుతుంది. కావున ఈ నిర్ణయం అంచనా దశలోనే జరగాలి, ముహూర్తం నిర్మాణ శాస్త్రానికి తగిన వ్యవధిని ఇవ్వాలి. అలాగే దృఢత్వాన్ని తగ్గించి వాయువును తగ్గించడం ఎన్నడూ తగదు.

దూరం నుండి రాయి తెప్పిస్తే రవాణా భారం పెరుగుతుంది కదా అని కొందరు సందేహిస్తారు. 20 టన్నుల రాతిని 400 కిలోమీటర్ల నుండి తెచ్చే లారీ, లీటరుకు 4 కిలోమీటర్ల చొప్పున, రానుపోను 200 లీటర్ల డీజిలు కాలుస్తుంది. వాయువు సుమారు 536 కిలోలు, అంటే టన్ను రాతికి 27 కిలోలు. సిమెంటుతో పోలిస్తే ఇది స్వల్పం. గానుగ సున్నానికి కూడా బట్టీలో వాయువు వెలువడుతుంది. కాని గోడలో గట్టిపడేటప్పుడు రాతి నుండి వెడలిన వాయువులో చాలా భాగాన్ని సున్నం తిరిగి గ్రహిస్తుంది. బట్టీ ఇంధనపు పొగ మాత్రం తిరిగి రాదు.

ఆయుర్దాయాన్ని కూడా లెక్కలోనికి తీసుకోవాలి. కాంక్రీటు కట్టడాన్ని సాధారణంగా 50 సంవత్సరాల ఆయువుకు రూపొందిస్తారు. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో నిర్మించిన రామప్ప ఆలయం ఎనిమిది వందల ఏండ్లు దాటి నిలిచి, 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దాని విమానానికి తేలిక ఇటుకలను, పునాదికి ఇసుకను వాడారు. పైభారం తగ్గితే క్రింద పట్టే పదార్థం తగ్గుతుందన్న సత్యాన్ని ఆ స్థపతులు ఆచరించి చూపారు.

అన్నింటికంటె పెద్ద పొదుపు పడగొట్టకపోవడంలో ఉన్నది. నిలబెట్టగలిగిన పాత మండపానికి క్రొత్త సిమెంటు అక్కరలేదు. ఊడదీసిన స్తంభాలకు, పలకలకు గుర్తులు వేసి తిరిగి నిలిపితే గనిలో క్రొత్త రాయి తీయనక్కరలేదు. జీర్ణోద్ధారణ అనే పదానికి అర్థమే శిథిలమైనదానిని ఉద్ధరించడం. పాతదానిని పూర్తిగా తొలగించి క్రొత్తది కట్టే పనిని ఆ పేరుతో పిలవడానికి ముందు కమిటీలు ఆలోచించాలి.

బ్రిటన్‌లో నిర్మాణ మదింపుదారుల రాయల్ సంస్థ, కట్టడపు జీవితకాలమంతటికీ కర్బనాన్ని లెక్కించే విధానాన్ని 2017లో ప్రకటించి, 2023లో సవరించింది. పదార్థాల తయారీ, రవాణా, నిర్మాణం, మరమ్మతులు, తుదకు కూల్చివేత అన్నీ అందులో చేరుతాయి. మన దేశం 2070 నాటికి నికర ఉద్గారాలను శూన్యం చేస్తామని 2021లో గ్లాస్గో సదస్సులో మాట ఇచ్చింది. ఆ మాటలో ఆలయాలకూ భాగం కలదు.

దాతలారా! విరాళం ఇచ్చేటప్పుడు శిలాఫలకంపై పేరు ఎక్కడ వస్తుందని అడగడం సహజం. దానితోపాటు మూడు ప్రశ్నలు కూడా అడగండి. పాతదానిలో ఎంత నిలుపుతున్నారు? ఏ సిమెంటు, ఎంత ఉక్కు వాడుతున్నారు? వాయువు ఎన్ని టన్నులు? మీరు అడిగితే కమిటీ అడుగుతుంది. కమిటీ అడిగితే ఇంజనీరు లెక్క కడతాడు. రూపాయల బాకీని మన కాలంలోనే తీర్చవచ్చును. గాలిలోకి చేరిన బాకీ మాత్రం, ఈ ఆలయంలో రేపు తలవంచి తీర్థం పుచ్చుకోబోయే మన మనుమల మీద పడుతుంది.

స్వామి అనుగ్రహం అందరికీ కలుగుగాక! స్వస్తి.