తాళపుచెవికి తాళము

ఇనుపపెట్టెకు తాళమువేసి, తాళపుచెవిని దానిమీదనే విడిచిపోవు గృహస్థు డుండడు. కాని కంప్యూటరు విషయమున మనలో పలువుర మా పనియే చేయుచున్నాము.

ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు మన పాస్‌వర్డులను గూఢలిపిలోనే దాచును. అయినను ఆ లిపిని విప్పెడి తాళపుచెవి ప్రక్కనున్న మరియొక ఫైలులోనే యుండును. ఆ రెండు ఫైళ్లకు నకలు తీసికొనిపోయినవాడు మన రహస్యములన్నియు చదువగలడు.

దీనికి ఉపాయము కలదు. సెట్టింగులలో దీర్ఘమైన 'ప్రైమరీ పాస్‌వర్డ్' నొకదానిని ఏర్పరచుకొనుడు. 2020 వరకు దీనినే మాస్టర్ పాస్‌వర్డ్ అనుచుండిరి. అప్పుడు తాళపుచెవికే తాళము పడును. అయితే దానిని మరచితిమా, దాచిన పాస్‌వర్డులన్నియు తుడిచివేసి క్రొత్తగా నారంభించుట తప్ప గత్యంతరము లేదు. కావున ఆ యొక్క పదమును కాగితముపై వ్రాసి, కంప్యూటరునకు దూరముగా బీరువాలో భద్రపరచుడు.