ఇంట్లో వెల్డింగ్ మిషను: కొనాలా, వద్దా?

(మన సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో ఎప్పుడూ డి.ఏ. బకాయిలు, లైఫ్ సర్టిఫికెట్లు, మందుల బిల్లుల సంగతే మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు "మీరు వెల్డింగ్ మిషను కొనాలా వద్దా అని ఊరంతా అడుగుతూ తిరిగారు గదా, ఏం తేలిందో అందరికీ చెప్పండి" అని ఆజ్ఞాపించారు. విషయం చిన్నదిగా కనిపించవచ్చు. కాని రిటైరయ్యాక చేతికి పని కావాలనుకునేవాళ్లు, పాత బండిని అమ్మబుద్ధి కానివాళ్లు మనలో చాలామంది ఉన్నారు. వారికోసం నాలుగు మాటలు మనవి చేస్తాను.

నేను బస్సు డిపో గ్యారేజీలో మెకానిక్‌గా ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. అయితే వెల్డింగ్ నా పని కాదు. గ్యారేజీలో వెల్డరు వేరే ఉండేవాడు. ఐ.టి.ఐ.లో కూడా ఫిట్టరు చదువు వేరు, వెల్డరు చదువు వేరు. ఫిట్టరుకు రెండేళ్లు, వెల్డరుకు ఏడాది. ఏడాదే గదా అని తేలిగ్గా తీసుకోవద్దు. ఆ ఏడాదీ చేతిని ఒక్క పనికే అలవాటు చేస్తారు. పానా పట్టిన చేయి హోల్డరు కూడా పట్టగలదని అనుకోవడం సహజమే గాని, అది వేరే విద్య.

ఇక మా ఇంటి సంగతి. ఖానాపురం హవేలిలో మా ఇంటి పక్కన రేకుల షెడ్డు వేసుకుని, పనిముట్లన్నీ గోడకు తగిలించుకున్నాను. ఉదయం కాఫీ తాగి అందులోకి వెళితే మా ఆవిడ భోజనానికి పిలిచేదాకా బయటికి రాను. 1999 మోడల్ మారుతి 800 ఒకటి ఉంది. దాన్ని ఇప్పుడు మా అమ్మాయి వాళ్లు వాడుకుంటున్నారు. వాళ్లుండేది మున్నేటి వైపు. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మంలో ఎన్ని ఇళ్లు మునిగాయో మీకు తెలుసు. ఆ కారు కూడా సీట్ల దాకా నీళ్లలో నిలిచింది. ఇంజను బాగుచేసుకున్నాం, నడిచింది. కాని కింద పరిచిన కార్పెట్టు అడుగున తేమ ఉండిపోయింది. ఏడాది తిరిగేసరికి డ్రైవరు కాళ్ల దగ్గర రూపాయి బిళ్లంత చిల్లులు పడ్డాయి. తలుపు కింద పొడవునా ఉండే డబ్బా భాగం వేలితో నొక్కితే లోపలికి పోతోంది. పదిహేనేళ్లు దాటిన బండి గనుక అయిదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. అలా వచ్చింది మిషను ఆలోచన.

మొదట తెలుసుకోవలసినది, మనం అతికే లోహం మందమెంత అన్నది. ఇంటి గేటుకు వాడే యాంగిలు 3 నుంచి 5 మిల్లీమీటర్లు ఉంటుంది. కారు రేకు దాదాపు 0.7, 0.8 మిల్లీమీటర్లు మాత్రమే. తుప్పు పట్టిన చోట ఇంకా పలచన. బజారులో అయిదారు వేల నుంచి పదివేల లోపు దొరికే చిన్న ఇన్వర్టరు ఆర్క్ మిషను గేటుకు, మంచం కోడుకు, మొక్కల స్టాండుకు చక్కగా పనికొస్తుంది. దానితో ఎక్కువగా వాడే 2.5 మిల్లీమీటర్ల రాడ్డు కారు రేకుకు మూడింతల మందం. రాడ్డు ఆనిందో లేదో రేకు కరిగి చిల్లు పెద్దదవుతుంది. ఆరితేరిన చేయి సన్నని రాడ్డుతో, తక్కువ కరెంటుతో నెట్టుకురాగలదు. కొత్త చేతికి అది సాధ్యం కాదు.

కారు రేకుకు తగినది మిగ్ వెల్డింగ్. మన వాళ్లు సీవోటూ వెల్డింగ్ అంటారు. ఇందులో 0.6 లేక 0.8 మిల్లీమీటర్ల తీగ గన్నులోంచి తనంతట తాను వస్తూ ఉంటుంది. చుట్టూ గ్యాసు వచ్చి, కరిగిన లోహానికి గాలి తగలకుండా కాపాడుతుంది. గ్యాసు అక్కరలేని తీగ కూడా ఉంది. దాని వేడి, చిటపటలు ఎక్కువ, పలుచని రేకు మీద కష్టం. కాబట్టి మిషనుతో పాటు సిలిండరు, రెగ్యులేటరు లెక్కలోకి వస్తాయి. ఫ్యాను కింద, ఆరుబయట గాలిలో చేస్తే గ్యాసు చెదిరిపోయి అతుకు నిండా బెజ్జాలు పడతాయి. తలుపులన్నీ మూసి చేస్తే పొగ మనమే పీల్చాలి. ఈ రెంటికీ మధ్య దారి చూసుకోవాలి.

తరువాత కరెంటు. కారు రేకుకు 80 ఆంపియర్ల లోపే చాలు. అప్పుడు మిషను లాగేది రెండు కిలోవాట్ల పైచిలుకు. అదే మిషనును 200 ఆంపియర్లకు తిప్పితే ఆరేడు కిలోవాట్లు లాగుతుంది. ఇంట్లో పెద్ద ప్లగ్గు తట్టుకునేది మూడున్నర కిలోవాట్లు. మీ బిల్లు మీద లోడు ఎంతుందో చూడండి. నా బిల్లు మీద 2 కిలోవాట్లే ఉంది. అంటే లోడు పెంచుకోవాలి, మీటరు నుంచి వేరే లైను లాగాలి, ఎర్తు సరిచూసుకోవాలి. ఇంకో మాట. ఇంటి కనెక్షను మీద ఇరుగుపొరుగుకు డబ్బు తీసుకుని పనిచేసి పెడితే, 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షను కింద అది అనుమతి లేని వాడకమవుతుంది. "నాలుగు గేట్లు అతికితే మిషను డబ్బులు వచ్చేస్తాయి" అని లెక్క వేసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇంత తెలిశాక కూడా నా మనసు మిషను మీదనే ఉంది. అందుకని కొనేముందు ఒక పరీక్ష పెట్టుకున్నాను. మా ఇంటికి దగ్గర్లోనే టింకరింగ్ షెడ్డు ఉంది. ఆయనను అడిగి, పాత తలుపు రేకు ముక్కలు తెచ్చుకుని, వారం రోజులు సాయంత్రం పూట ఆయన మిషను మీద చేయి తిప్పాను. చివరి రోజున నేను ఒక అతుకు వేశాను, షెడ్డులో కుర్రవాడు ఒకటి వేశాడు. రెంటినీ గ్రైండరుతో చదును చేస్తే ఏది ఎవరిదో చెప్పలేరు. అప్పుడు ఆ కుర్రవాడు రెండు ముక్కల్నీ వైసులో బిగించి, సుత్తితో వంచాడు. నాది అతుకు దగ్గర నిలువునా ఊడి వచ్చింది. అతనిది అతుకు పక్కన రేకు చిరిగింది గాని, అతుకు ఊడలేదు. "సార్, మీది పైన అందంగానే ఉంది, లోపల పట్టలేదు" అన్నాడు.

మిత్రులారా, నా నిర్ణయానికి మూలం ఆ మాటే. వెల్డింగులో మంచి చెడు కంటికి కనిపించదు. వడ్రంగం పనిలో కీలు వదులైతే ఊగుతుంది, తెలుస్తుంది. వెల్డింగులో లోపల పట్టని అతుకు మీద లప్పం పూసి రంగు వేస్తే కొత్త బండిలా మెరుస్తుంది. అది పట్టిందో లేదో తెలిసేది గుంతలో పడ్డ రోజు, ఇంకా ఖర్మ కాలితే గుద్దుకున్న రోజు.

జీపుకు, లారీకి అడుగున వేరే ఛాసిస్ ఉంటుంది. మారుతి 800 వంటి బండికి బాడీయే ఛాసిస్. తలుపు కింది డబ్బా భాగం, సీటు బెల్టు బోల్టు పట్టే చోటు, వెనక సస్పెన్షను తగిలే చోటు, ఇవన్నీ బరువు మోసేవి. ఆ బండి వెనక సీటులో కూర్చునేది మా మనవలు. నా సరదా కోసం వేసిన అతుకు మీద వాళ్లను కూర్చోబెట్టలేను. కొత్త బండ్లకైతే ఇంటి వెల్డింగ్ మాటే ఎత్తవద్దు. వాటిలో చాలా చోట్ల గట్టి రకం ఉక్కు వాడుతున్నారు. తప్పు పద్ధతిలో వేడి తగిలితే దాని బలం పోతుంది.

ఇక మన వయసు సంగతి. గుండెకు పేస్‌మేకరు ఉన్నవారు డాక్టరుగారిని అడగకుండా వెల్డింగ్ మిషను దరిదాపులకు పోవద్దు. ఆ కేబుళ్ల చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. ఆర్క్ వెలుగును ముసుగు లేకుండా చూస్తే అప్పటికప్పుడు ఏమీ అనిపించదు. కొన్ని గంటలు గడిచాక, రాత్రి పూట, కళ్లలో ఇసుక పోసినట్లు మంట మొదలవుతుంది. మనకు ముసుగు ఉన్నా, గుమ్మంలో నిలబడి చూసే పిల్లలకు ఉండదు. మా ఆవిడ పెట్టిన షరతు అదే: "కొంటే కొనండి గాని, పిల్లలు వచ్చిన రోజున దాన్ని బయటికి తీయవద్దు." కళ్లు మండితే ఇంటి వైద్యాలు మాని కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. జింకు పూత ఉన్న రేకు మీద వెల్డింగ్ చేస్తే ఆ పొగకు సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది. వెల్డింగ్ పొగ క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2017లో తేల్చింది.

నిప్పు భయం సరేసరి. బండికి వెల్డింగ్ చేయించేటప్పుడు బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పాలి. సీట్లు, కార్పెట్టు తీసివేయాలి. పెట్రోలు ట్యాంకుకు, గ్యాసు కిట్టుకు దగ్గర్లో పని అయితే వాటిని దించనిదే ముట్టుకోవద్దు. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం, అందులో నిండి ఉండేది ఆవిరి. పని ముగిశాక కనీసం అరగంట అక్కడే ఉండి, నీళ్ల బకెట్టు పక్కన పెట్టుకుని చూస్తూ ఉండాలి. వేసవిలో ఎండుటాకుల మీద ఒక్క నిప్పురవ్వ చాలని అడవి అంచున ఉండే మన వాళ్లకు చెప్పనక్కరలేదు.

లెక్క కూడా వినండి. నేను విచారించిన ధరల ప్రకారం మిగ్ మిషను 22 వేలు. సిలిండరు, రెగ్యులేటరు కలిపి దాదాపు 10 వేలు. ముసుగు, తోలు గ్లౌజులు, తీగ, కరెంటు లైను కలిపి ఇంకో 8 వేలు. వెరసి 40 వేలు. షెడ్డువారు మా బండికి అడిగినది 9,500 రూపాయలు. ఇంకో అయిదేళ్లలో మళ్లీ ఒకసారి చేయించినా 20 వేలు దాటదు. మనలో ఈపీఎస్-95 కింద నెలకు రెండు మూడు వేలు పెన్షను తీసుకునేవాళ్లు కూడా ఉన్నారు. వారికి 40 వేలంటే ఏడాది పైమాట.

అందుచేత నేను మిషను కొనలేదు. అలాగని చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పనిని రెండుగా విడగొట్టాను. సీట్లు, కార్పెట్టు విప్పడం, వైరు బ్రష్షుతో తుప్పంతా గీకి మంచి రేకు ఎక్కడ మొదలవుతుందో గుర్తుపెట్టడం, అట్టముక్కతో కొలత తీసి ప్యాచీలు కత్తిరించడం మా షెడ్డులో నేనే చేశాను. పది రోజులు పట్టింది. అతకడం మాత్రం టింకరింగ్ షెడ్డులో చేయించాను. ఒకేచోట ఏకబిగిన కాల్చితే రేకు వంకర పోతుందని, ఆ కుర్రవాడు ఇక్కడో చుక్క అక్కడో చుక్క పెడుతూ, చల్లారనిస్తూ అతికాడు. బండి ఇంటికి వచ్చాక ప్రైమరు, రంగు, అడుగున అండర్‌కోటు, డబ్బా భాగం లోపల తుప్పు పట్టకుండా మైనం మందు కొట్టడం మళ్లీ నా వంతు. బిల్లు 6,500తో తేలింది. నిజానికి తుప్పు పనిలో ఎక్కువ పాలు ఈ గీకుడు, పూతలే. అతకడం గంటల పని.

బొగ్గు గనులు, పాల్వంచ వంటి చోట కర్మాగారాలు, ఇక్కడ పారిశ్రామిక వాడ ఉన్న ప్రాంతం మనది. 1889లో ఇల్లెందులో బొగ్గు తవ్వడం మొదలైన నాటి నుంచి ఇనుముతో పని మనకు కొత్త కాదు. మంచి వెల్డరు కూతవేటు దూరంలో దొరికే ఖమ్మం వారికి నేను చెప్పిన పద్ధతి నప్పుతుంది.

భద్రాచలం అవతల దుమ్ముగూడెం, చర్ల వైపు స్థిరపడిన మిత్రులకు లెక్క వేరు. చిన్న పనికి కూడా బండి కట్టుకుని రావాలి. గేట్లు, ట్రాలీ, నాగలి సామాను అతుక్కోవడానికి వారు చిన్న ఆర్క్ మిషను కొనుక్కోవడం సబబే. ముందుగా తెలిసిన వెల్డరు దగ్గర నాలుగు వారాలు కూర్చుని నేర్చుకోవాలి. కారు అడుగు, బ్రేకులు, స్టీరింగు, సస్పెన్షను జోలికి మాత్రం పోవద్దు.

ఎవరైనా సరే, కొనేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఏడాదిలో ఎన్ని రోజులు దాన్ని బయటికి తీస్తాను? నేను అతికే లోహం ఎంత మందం? నా అతుకు ఊడితే నష్టపోయేది వస్తువా, మనిషా? మూడో ప్రశ్నకు జవాబు మనిషి అయితే, ఆ పని చేయి తిరిగినవాడికి అప్పగించండి. అంతకంటే ముందు ఒక రేకు ముక్క అతికి, వైసులో బిగించి, సుత్తితో వంచి చూడండి.