మలివయసులో ఇంటి ఆసరా



మా ఎదురింటి పిన్నిగారికి డెబ్బై మూడేళ్ళు. బాబయ్యగారు మంచం పట్టి ఏడాదైంది. పిల్లలిద్దరూ అమెరికాలో ఉన్నారు. సొంత ఇల్లుంది గాని చేతిలో డబ్బాడదు. పగలొక మనిషినీ రాత్రొక మనిషినీ పెట్టుకోవాలంటే వచ్చే పింఛను ఏ మూలకీ రాదు. "ఇంత ఇల్లు పెట్టుకుని మందుల చీటీ చూసి భయపడుతున్నానే అమ్మాయ్" అన్నారు మొన్న. అమ్మేస్తే తల దాచుకునేదెక్కడ? అబ్బాయి పేర రాసేస్తే రేపటి మాటేమిటి?

ఈ రెండూ కాక మూడో దారి ఒకటుంది. బ్యాంకువాళ్ళు రివర్స్ మార్ట్‌గేజ్ అంటారు. మనం తిరగేసిన తనఖా అనుకుందాం. మామూలు తనఖాలో నెలనెలా మనం కడతాం. ఇందులో బ్యాంకే మనకిస్తుంది, ఇంట్లో మనమే ఉంటాం. మన దేశంలో దీన్ని 2007 బడ్జెట్టులో ప్రకటించారు. నేషనల్ హౌసింగ్ బ్యాంకు నిబంధనలు తయారుచేసింది. అరవై నిండినవారికి, స్వార్జితమై తాము కాపురముంటున్న ఇంటిమీద ఇస్తారు. పంపకాలు తేలని పిత్రార్జితానికి కుదరదు. ఆ దంపతులు బతికున్నంత కాలం అప్పు తీర్చక్కరలేదు. తర్వాత వారసులు బాకీ కట్టి ఇల్లు ఉంచుకోవచ్చు. లేదంటే బ్యాంకు అమ్ముకుని, మిగిలింది వాళ్ళకిస్తుంది. ఇంటి ధర చాలకపోతే ఆ లోటు పిల్లల మీద పడదు.

వినడానికి బాగానే ఉంది కదూ? ఇప్పుడు వడ్డీ సంగతి చూడండి. నెలకు 10,000 చొప్పున పదిహేనేళ్ళు తీసుకుంటే మన చేతికొచ్చేది 18 లక్షలు. నూటికి పది వడ్డీ, నెలనెలా అసలులో కలుస్తూ పోతే బాకీ 41 లక్షలు దాటుతుంది! పిల్లలకు ఈ లెక్క ముందే చెప్పండి. మనం పోయాక తెలిస్తే బాగుండదు. పైగా గడువు తీరాక నెలసరి సొమ్ము ఆగిపోతుంది. ఇంట్లో మాత్రం ఉండనిస్తారు.

ఇంకో చిక్కు. ఏడాదిపాటు వరసగా ఇంట్లో లేకపోతే అప్పు తీర్చమంటారు. అంటే ఇది ఇంట్లోనే ఉండి సేవ చేయించుకునేవారికి పనికొస్తుంది గాని, వృద్ధాశ్రమానికో అమెరికాకో వెళ్ళిపోయేవారికి కాదు.

అన్నిటికంటే ముఖ్యం, సంతకం. ఆయన ఒక్కరే అప్పు తీసుకుంటే, ఆయన పోవడంతోనే బాకీ తీర్చే వేళ వచ్చేస్తుంది. ఇద్దరూ కలిసి తీసుకుంటే రెండోవారు ఉన్నంత వరకూ ఇంటి జోలికి రారు. ఒకరికి అరవై నిండి, రెండోవారికి యాభై అయిదు ఉంటే చాలు. "ఆయన చూసుకుంటారులే" అని మనం వంటింట్లో ఉండిపోయే సమయం కాదిది.

పిల్లల పేర రాసేవారికీ ఒక మాట. తల్లిదండ్రుల పోషణకు 2007లో చట్టం వచ్చింది. చూసుకోవాలనే షరతుతో ఇచ్చిన ఆస్తిని, చూడకపోతే ట్రిబ్యునల్ రద్దు చేయగలదు. ఆ షరతు నోటిమాటగా కాక దస్తావేజులోనే రాయించండి.

పిన్నిగారు నిన్న బీరువా తీసి చూశారు. కాగితాలన్నీ బాబయ్యగారి ఒక్కరి పేరే ఉన్నాయట. ఇద్దరి సంతకాలతో అప్పు ఇస్తారో లేదో కనుక్కోవడానికి సోమవారం బ్యాంకుకు వెళ్తున్నాం, నేనూ తోడుగా. మీ ఇంటి దస్తావేజు ఎవరి పేర ఉందో మీరు ఎప్పుడైనా చూశారా?

సెలవు.